లెటర్‌కి నెల రోజులు, పట్టికకి అరగంట

మొదటిసారి స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్‌కి, అంటే ఒక సెమిస్టర్ విదేశీ యూనివర్సిటీలో చదివి రావడానికి అప్లై చేసినప్పుడు, ఎందుకు వెళ్లాలనుకుంటున్నానో చెప్పే మోటివేషన్ లెటర్‌ని 14 సార్లు తిరగరాశాను. ఫైళ్లన్నీ ఇప్పటికీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, చివరి దాని పేరు "ఫైనల్ ఇదే కొత్తది 2". మొత్తం నెల రోజులు పట్టింది. అదే అప్లికేషన్‌లో ఇంకో కాగితం ఉంటుంది, అక్కడికెళ్లి ఏ కోర్సులు చదువుతావు, వాటిని ఇక్కడి ఏ కోర్సుల కింద లెక్కేయమంటావు అని అడిగే చిన్న పట్టిక. దాన్ని గడువు ముగిసే ముందు రోజు రాత్రి, సగం నిద్రలో, అరగంటలో నింపి పంపేశాను. రిజల్ట్ వచ్చింది. సెలెక్ట్ కాలేదు. వెయిటింగ్ లిస్టులో కూడా పేరు లేదు.

మరుసటి ఏడాది మళ్లీ పెట్టాను, ఈసారి వచ్చింది. మధ్యలో నా మార్కులు అమాంతం పెరిగిందేమీ లేదు, ఇంగ్లిష్ మెరుగుపడిందేమీ లేదు, కొత్తగా ఒక్క సర్టిఫికెట్ కూడా చేరలేదు. ఈసారి ఆ నెల రోజులూ పట్టిక మీద కూర్చున్నాను, లెటర్ మూడు సాయంత్రాల్లో అయిపోయింది, అంతే తేడా. ఇప్పుడు జూనియర్లు మెసేజ్ పెట్టి "లెటర్ శాంపిల్ ఉంటే పంపరా ప్లీజ్" అంటున్నారు. ఇప్పటిదాకా పట్టిక అడిగినవాళ్లు ఒక్కళ్లూ లేరు. అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు అసలు ఎక్స్‌ఛేంజ్ ఎలా నడుస్తుందో చెప్తాను, ఎందుకంటే మొదటిసారి నాకే సరిగ్గా తెలియదు. విదేశాల్లో చదువు అనగానే మనకు తట్టేది నేరుగా అక్కడి యూనివర్సిటీకి అప్లై చేసి, అక్కడి ఫీజు కట్టి, అక్కడి డిగ్రీ తెచ్చుకోవడం. ఎక్స్‌ఛేంజ్ దారి వేరు. రెండు యూనివర్సిటీలు ముందే ఒప్పందం రాసుకుంటాయి, ఏడాదికి మీ వాళ్లు ఇద్దరు మా దగ్గరికి, మా వాళ్లు ఇద్దరు మీ దగ్గరికి అని. మామూలుగా ఎవరి ఫీజు వాళ్ల సొంత యూనివర్సిటీకే కట్టుకుంటారు, వెళ్లినచోట ట్యూషన్ ఫీజు అడగరు. డిగ్రీ కూడా ఇక్కడిదే వస్తుంది. ఒక సెమిస్టరో రెండో అక్కడ చదివి, ఆ క్రెడిట్లు, అంటే పాసైన ఒక్కో కోర్సుకీ డిగ్రీ లెక్కలో వేసే పాయింట్లు, పట్టుకుని వెనక్కి రావడమే మొత్తం కథ. అందుకే మనల్ని మొదట ఎంచుకునేది అక్కడివాళ్లు కాదు, మన యూనివర్సిటీనే. ఈ పిల్లలు వెళ్లి, క్రెడిట్లు సరిపోక, తిరిగొచ్చి ఏడాది వెనకబడితే ఆ తలనొప్పి మళ్లీ మాకే కదా అన్నది వాళ్ల భయం. ఉన్నవేమో రెండు మూడు సీట్లు. ఇది తెలిశాక నా మొదటి అప్లికేషన్ ఎందుకు పోయిందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, కానీ అది తెలిసేసరికి అప్లికేషన్ పోయింది.

ఆ మొదటి లెటర్ ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. "ప్రపంచాన్ని చూడాలన్నది నా చిన్ననాటి కల" అని మొదలెట్టాను. రెండో పేరా అంతా చరిత్ర. 1923లో అమెరికాలోని డెలావేర్ యూనివర్సిటీ నుంచి 8 మంది విద్యార్థులు ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లి ఏడాది చదువుకుని వచ్చారని, యూరప్‌లో ఎరాస్మస్ కార్యక్రమం 1987లో 11 దేశాలతో, 3,244 మంది విద్యార్థులతో మొదలైందని, ఆ పేరు దేశదేశాలు తిరిగి చదువుకున్న డచ్ పండితుడిదని, ఇలా. ఇందులో ఒక్క తప్పు లేదు. కానీ చదివేదెవరు? ఏళ్ల తరబడి ఎక్స్‌ఛేంజ్ ఆఫీసులో ఇదే పని చేస్తున్నవాళ్లు. వాళ్లకు కూర్చోబెట్టి నేను ఎరాస్మస్ పుట్టుపూర్వోత్తరాలు వివరిస్తున్నాను, తాతకు దగ్గులు నేర్పినట్టు. ఇంకా విడ్డూరం ఏంటంటే, ఆ 8 మంది కథలో నాకు ఓడ కనిపించింది గానీ, వాళ్లు అక్కడ చదివిన చదువుకి ఇక్కడి డిగ్రీలో క్రెడిట్ దక్కిందన్న ముక్క కనిపించలేదు. అసలు విషయం అదే. నేను అరగంటలో నింపి పారేసిన పట్టిక కూడా అదే.

రిజల్ట్ వచ్చిన వారానికి, కోపం కాస్త చల్లారాక, మా ఎక్స్‌ఛేంజ్ కోఆర్డినేటర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. వెళ్లకూడదనే అనుకున్నా నిజానికి. ఏముందిలే, కావలసినవాళ్లకే ఇచ్చుకుంటారు అని నాలుగు తిట్టుకుని ఊరుకుందామనుకున్నా. ఒక ఫ్రెండ్ బలవంతం మీద వెళ్లాను. మేడమ్ నా ఫైలు తీసి, లెటర్ పక్కన పెట్టేసి, పట్టికని నా వైపు తిప్పారు.

"నువ్వు అడిగింది వింటర్ సెమిస్టర్ కదా?"

"అవును మేడమ్."

"ఈ రెండు కోర్సులూ వాళ్లు సమ్మర్ సెమిస్టర్‌లోనే చెప్తారు. ఇది మాస్టర్స్ వాళ్లది, నిన్ను కూర్చోనివ్వరు. ఇది జర్మన్‌లో చెప్తారు. నీకు జర్మన్ వచ్చా?"

రాదు.

"ఇక మిగిలింది ఒక్కటి. ఒక్క కోర్సు కోసం ఆరు నెలలు ఎలా పంపమంటావు, నువ్వే చెప్పు."

ఏం చెప్తాను. ఆ అరగంటలో నేను చేసిందల్లా వాళ్ల వెబ్‌సైట్‌లో మంచి పేర్లు కనిపించిన కోర్సులు అయిదు ఏరి పెట్టడమే. లెటర్ గురించి మాత్రం మేడమ్ ఒక మాట అన్నారు, "బాగానే రాశావు, ఏ యూనివర్సిటీకైనా సరిపోతుంది" అని. పొగిడారనుకుని థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. మెట్లు దిగుతుంటే వెలిగింది అది పొగడ్త కాదని.

రెండోసారి పని అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. ముందు తెలుసుకోవాల్సింది, మనం అప్లై చేసే సమయానికి మనం వెళ్లబోయే సెమిస్టర్ కోర్సుల జాబితా చాలాచోట్ల ఇంకా బయటికి రాదు. అక్టోబర్‌లో మొదలయ్యే సెమిస్టర్‌కి ఇక్కడ అప్లికేషన్లు అంతకు ముందు చలికాలంలోనే తీసుకుంటారు కదా. అందుకని పోయిన ఏడాది అదే సెమిస్టర్ జాబితా చూడాలి. అదే సెమిస్టర్ అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి, నేను కాలు జారింది అక్కడే. జర్మనీలో వింటర్ సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా, సమ్మర్ సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా. చాలా కోర్సులు ఏడాదికి ఒక్కసారే, ఏదో ఒక సెమిస్టర్‌లోనే నడుస్తాయి. జాబితాలో పేరు ఉంది కదా అని పెట్టేస్తే నాలాగే అవుతుంది.

తర్వాత ఒక్కో కోర్సు వివరాల పేజీ తెరిచి చూడాలి. జాబితాలో పేరు ఒక్క లైను, అసలు సంగతంతా లోపలి పేజీలో ఉంటుంది. ఏ భాషలో చెప్తారు, ఏ స్థాయి వాళ్లకి, ముందు ఏం చదివి ఉండాలి, ఎన్ని క్రెడిట్లు, పరీక్ష రాతదా నోటిదా ప్రాజెక్టా. కొన్నింటి కింద చిన్న అక్షరాల్లో ఎక్స్‌ఛేంజ్ విద్యార్థులకు లేదు అని కూడా ఉంటుంది, ముఖ్యంగా ల్యాబులు, సెమినార్లు, సీట్లు తక్కువగా ఉండేవి. పేజీ ఇంగ్లిష్‌లో ఉంటే కోర్సు కూడా ఇంగ్లిష్‌లోనే అనుకోకండి. నా జర్మన్ కోర్సు కథ అదే, పేజీ అంతా చక్కటి ఇంగ్లిష్, చెప్పే భాష అన్నచోట మాత్రం జర్మన్ అని ఒక్క మాట.

క్రెడిట్ల లెక్క చాలామందిని కంగారు పెడుతుంది గానీ అంత కష్టమైనది కాదు. యూరప్‌లో ఈసీటీఎస్ అనే లెక్క వాడతారు, పూర్తి ఏడాది చదువుకి 60 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి 30. ఒక్క క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, క్లాసులో కూర్చున్న గంటలే కాదు, ఇంటి దగ్గర చదివింది, అసైన్‌మెంట్లు, పరీక్షకి తయారైంది అన్నీ కలిపి. బ్రిటన్‌లో ఏడాదికి 120, కాబట్టి బ్రిటన్ క్రెడిట్లు 2 ఈసీటీఎస్ 1తో సమానం. అమెరికాలో సెమిస్టర్‌కి మామూలుగా 15 చుట్టూ తీసుకుంటారు. సూత్రం ఏంటంటే, అంకెకి అంకె పెట్టి చూడొద్దు, అక్కడ ఒక సెమిస్టర్ నిండా చదివితే ఎంత, ఇక్కడ ఒక సెమిస్టర్ నిండా చదివితే ఎంత అని ఆ రెంటినీ పోల్చాలి. మా సీనియర్ ఒకరు అంకెలు చూసి మురిసిపోయి, అక్కడ 15 చాలనుకుని వెళ్లారు. యూరప్ లెక్కలో 15 అంటే సగం సెమిస్టర్. తిరిగొచ్చి ఇక్కడ మిగతా సగం చదువుకున్నారు పాపం.

అసలు చెమట పట్టింది మాత్రం సిలబస్ పోల్చడం దగ్గర. పేర్లు చూసి మోసపోవడం ఎంత సులువో. ఇక్కడి కోర్సుకీ అక్కడి కోర్సుకీ అచ్చంగా ఒకే పేరు, తెరిచి చూస్తే అక్కడిది నేను రెండో ఏడాదే చదివేసిన పాఠాలు. ఇంకోటి పేరు చూస్తే ఎక్కడా పొంతన లేదు, లోపల చూస్తే మన అయిదు యూనిట్లలో నాలుగు అందులోనే ఉన్నాయి. రెండు సిలబస్‌లు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకుని, ఇక్కడి ఒక్కో అంశం పక్కన అక్కడ ఎన్నో వారంలో చెప్తారో పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను. అలా 11 కోర్సులు చూస్తే 6 నిలిచాయి. ఒక్కో కోర్సుకీ ఇక్కడ ఆ సబ్జెక్టు చెప్పే సార్ సంతకం కావాలి. ఒక సార్ అయితే ఒప్పుకోనే లేదు, "మన మూడో యూనిట్ ఇందులో ఏదీ?" అన్నారు. నిజమే, లేదు. మళ్లీ వెళ్లి వెతికితే ఆ యూనిట్ అక్కడ ఒక చిన్న కోర్సుగా విడిగా ఉంది. ఆ రెండూ కలిపి మన ఒక్కదానికి బదులు అని రాసి తీసుకెళ్తే, కళ్లద్దాలు పైకి తోసి రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టారు. ఆ సంతకం చూసినంత ఆనందం నాకు తర్వాత సెలెక్షన్ మెయిల్ చూసినప్పుడు కూడా కలగలేదు.

కావాల్సినవి అయిదు కోర్సులైతే ఏడెనిమిది సిద్ధంగా పెట్టుకోండి. అక్కడికెళ్లాక రెండు క్లాసులు ఒకే సమయానికి పడటం, ఒకటి రద్దవడం మామూలే. నా ఆరు కోర్సుల కింద ఇంకో రెండు బదులు కోర్సులు రాశాను, ఇంటర్వ్యూలో వాటి గురించే అడిగారు.

గ్రేడ్ల సంగతి కూడా ముందే, రాతపూర్వకంగా అడిగేయండి. అక్కడ వచ్చిన మార్కుని ఇక్కడి మార్కుగా మారుస్తారా, లేక పాస్ అని మాత్రమే వేస్తారా? రెంటికీ చాలా తేడా ఉంది. జర్మనీలో 1 అంటే అందరికన్నా గొప్ప మార్కు, 4 దాటితే ఫెయిల్. పక్కనే ఉన్న స్విట్జర్లాండ్‌లో 6 గొప్ప, 1 అధమం. ఫ్రాన్స్‌లో 20కి 16 వస్తే భుజం తడతారు, ఇటలీలో 30కి 18 వస్తే పాస్. ఫ్రాన్స్ వెళ్లొచ్చిన ఒకమ్మాయికి 20కి 14 వస్తే, అక్కడ అది మంచి మార్కే, ఇక్కడెవరో దాన్ని నేరుగా నూటికి 70 చేసి పెట్టారట. మార్చించుకోవడానికి ఆమెకి ఒక సెమిస్టర్ పట్టింది. ముందే ఒక మెయిల్‌లో అడిగి జవాబు దాచుకుని ఉంటే అంత తిరుగుడు ఉండేది కాదు.

ఇంత చేశాక లెటర్ రాయడానికి కూర్చుంటే నవ్వొచ్చింది, రాయాల్సిందంతా పట్టికలోనే ఉంది. ఇక్కడ నా డిపార్ట్‌మెంట్‌లో ఫలానా అంశం ఒక్క యూనిట్‌తో సరిపెడతారు, అక్కడ అదే మీద పూర్తి కోర్సు ఉంది, దానికి తోడు ఇంకో కోర్సులో దాన్నే ప్రాజెక్టుగా చేయిస్తారు, తిరిగొచ్చాక చివరి ఏడాది ప్రాజెక్టు నేను దాని మీదే చేద్దామనుకుంటున్నాను. ఒక పేజీ. కల గిల ఏమీ లేవు. ఈ లెటర్ వేరే ఏ యూనివర్సిటీకీ పంపడానికి పనికిరాదు, అందులోని కోర్సులు ఇంకెక్కడా అలా ఉండవు కాబట్టి. నన్ను శాంపిల్ అడిగేవాళ్లకి ఇవ్వకపోవడానికి కారణం పిసినారితనం కాదు, నిజంగా మీకది ఎందుకూ కొరగాదు.

ప్రాధాన్యాల వరుస గురించి ఒక్క మాట. చాలాచోట్ల మూడో అయిదో యూనివర్సిటీలు వరుసగా రాయమంటారు. అందరూ పేరున్న నగరాలే మొదట రాస్తారు, అక్కడి రెండు సీట్లకి ముప్పై మంది పడతారు, పక్క చిన్న ఊళ్లో సీటు ఖాళీగా మిగిలిపోతుంది. నేను రెండోసారి నగరం పేరు కాయితం చివర రాసుకుని, పట్టిక ఎక్కడ బాగా కుదిరితే దాన్ని పైన పెట్టాను. నాకొచ్చింది నా మొదటి ఎంపికే, దాని పేరు చెప్తే ఇప్పటికీ బంధువుల్లో ఎవరికీ ఆ ఊరు ఎక్కడుందో తెలియదు. ఇంకోటి, సీట్లు చాలా ఒప్పందాల్లో డిపార్ట్‌మెంట్ వారీగా ఉంటాయి. యూనివర్సిటీకి సీట్లున్నాయి అంటే మీ సబ్జెక్టుకి ఉన్నాయని కాదు. ముందే అడగండి.

రికమెండేషన్ లెటర్‌కి పెద్ద పేరున్న ప్రొఫెసర్ వెంట పడొద్దు. మీ పేరే గుర్తులేని పెద్దాయన రాసే నాలుగు ముక్కల కన్నా, మీ ప్రాజెక్టు దగ్గరుండి చూసిన చిన్న మేడమ్ రాసే పేజీ బరువు ఎక్కువ. కనీసం మూడు వారాల ముందు అడగండి, అడిగేటప్పుడు మీరు వాళ్ల దగ్గర ఏం చేశారో, ఎక్కడికి ఎందుకు వెళ్తున్నారో అరపేజీ రాసివ్వండి. గడువుకి రెండు రోజుల ముందు "సార్ ప్లీజ్ సార్" అంటే ఆయన మాత్రం ఏం రాస్తారు.

భాష పరీక్ష విషయం త్వరగా చెప్పేస్తాను. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి, ఎప్పుడో రాసింది పనికిరాకపోవచ్చు. కొన్నిచోట్ల ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు యూనివర్సిటీ ఇచ్చే ఉత్తరం చాలంటారు, పరీక్ష ఫీజు కట్టే ముందు అది కనుక్కోండి. బి1, బి2 అని కనిపిస్తే భయపడకండి, ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు, బి2 అంటే క్లాసు అర్థం చేసుకుని మాట్లాడగలిగే స్థాయి.

ఇంటర్వ్యూ పది నిమిషాలు. మొదటి ప్రశ్న, "ఆ యూనివర్సిటీనే ఎందుకు?" రెండో ప్రశ్న, "మీ మూడో కోర్సు రద్దయితే ఏం చేస్తారు?" అంతే, నా టెన్షన్ దిగిపోయింది, నెల రోజులుగా నేను చేస్తున్నది అదే కదా. బదులు కోర్సు పేరు, క్రెడిట్లు, ఏ సార్ ఒప్పుకున్నారో కూడా చెప్పాను. చివర్లో ఒకాయన, "తిరిగొస్తారా?" అని నవ్వుతూ అడిగారు. నవ్వుతూనే అడిగారు గానీ అది సరదా ప్రశ్న కాదు, చివరి ఏడాది ప్రాజెక్టు సంగతి చెప్పాను.

సెలెక్షన్ మెయిల్ వచ్చిన రోజు ఇంట్లో అందరికీ చెప్పేశాను, నేను వెళ్లిపోతున్నానని. ఇల్లలకగానే పండగ కాదని తర్వాత తెలిసింది. మన యూనివర్సిటీ మనల్ని ఎంచుకోవడాన్ని నామినేషన్ అంటారు, అంటే మా వైపు నుంచి ఫలానావాళ్లని పంపుతున్నాం అని అక్కడివాళ్లకి పేరు చెప్పడం. ఆ తర్వాత అక్కడి పోర్టల్‌లో మళ్లీ మొదటి నుంచి అప్లికేషన్, దానికి వేరే గడువు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి నామినేట్ అయ్యాను కదా అని ఊరుకున్నాడు, ఆ రెండో అప్లికేషన్ మెయిల్ స్పామ్‌లో పడి ఉంది. చూసేసరికి తేదీ దాటిపోయింది, సీటు పోయింది. ఆ వారం స్పామ్ ఫోల్డర్‌ని రోజుకి రెండుసార్లు చూడండి. హాస్టల్ గదికి కూడా చాలాచోట్ల అప్లికేషన్ వేరేగా పెట్టాలి.

ఈ దశలో నన్ను ఏడిపించింది పేరు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే యూనివర్సిటీ ఇచ్చే మొత్తం మార్కుల పత్రంలో, ఇంటిపేరుకి పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. మనకి అది ఒకే మనిషి, పోర్టల్‌కి ఇద్దరు. ట్రాన్స్‌క్రిప్ట్ మళ్లీ తీయించడానికి మూడు వారాలు తిరిగాను. అప్లై చేయాలన్న ఆలోచన వచ్చిన రోజే అన్ని కాగితాలూ ఒకచోట పరిచి పేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. పాస్‌పోర్టు గడువు కూడా, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉండాలి.

వీసా మాత్రం దేశాన్ని బట్టి మారిపోతుంది, నా కథ మీకు పనికిరాకపోవచ్చు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ టూరిస్ట్ వీసాతో అక్కడికి వెళ్లేవాళ్లు సరిపెట్టుకోలేరు, దానితో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు, సెమిస్టర్ అంతకన్నా పెద్దది, అందుకని ఎక్కువకాలం ఉండటానికి ఆ దేశం ఇచ్చే డి రకం వీసా తీసుకోవాలి. అమెరికాకి ఎక్స్‌ఛేంజ్ మీద వెళ్లేవాళ్లది మామూలుగా జె-1 వీసా, దానికి అక్కడినుంచి డీఎస్-2019 అనే పత్రం రావాలి, డిగ్రీకి వెళ్లేవాళ్ల ఎఫ్-1 గురించి చదివి ఆ లెక్కలు వేసుకోకండి. జపాన్ వెళ్తున్న నా ఫ్రెండ్‌కి అయితే సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ అని ఒకటి ముందు రావాలి, దాన్ని అక్కడి యూనివర్సిటీయే అతని తరఫున అప్లై చేసింది, అది చేతికొచ్చేదాకా ఇతను గోళ్లు కొరుక్కోవడం తప్ప చేయగలిగింది లేదు. ఇన్సూరెన్స్ మాత్రం దాదాపు ఎక్కడైనా అడుగుతారు.

ట్యూషన్ ఫీజు లేదు అనగానే నాన్న మొహం వెలిగింది, తర్వాత మెల్లగా మిగతావి చెప్పాను. గది అద్దె, తిండి, టికెట్, ఇన్సూరెన్స్, వీసా ఫీజు మనవే. పైగా అక్కడ బతకడానికి డబ్బుందని ముందే చూపించాలి. జర్మనీకైతే స్కాలర్‌షిప్పో, హామీ ఇచ్చేవాళ్లో లేకపోతే బ్లాక్డ్ అకౌంట్ తెరవాలి, డబ్బంతా ముందే అందులో వేస్తే అక్కడికెళ్లాక నెలనెలా కొంత బయటికి వదులుతుంది. "మన డబ్బు మనకే నెలకింత అని ఇస్తారా?" అన్నారు నాన్న. అవును నాన్నా, అంతే. ఆ రాత్రి ఇంట్లో లెక్కలు చాలాసేపు నడిచాయి. అప్లై చేసే ముందే ఈ మాట ఇంట్లో ఎత్తండి, సీటొచ్చాక ఎత్తితే వాళ్లకి వద్దనే అవకాశం ఉండదు, అది న్యాయం కాదనిపిస్తుంది నాకు.

క్యాలెండర్ కూడా చూసుకోండి, రెండుచోట్ల చదువు ఒకే రోజు మొదలై ఒకే రోజు ముగియదు. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఆస్ట్రేలియాలో మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో. నేను వెళ్లేచోట క్లాసులు ఫిబ్రవరి దాకా, పరీక్షలు ఆ తర్వాత. అప్పటికి ఇక్కడ తర్వాతి సెమిస్టర్ మొదలైపోతుంది. మొదటి వారాల హాజరు మినహాయింపుకి ఇప్పుడే అర్జీ పెట్టాను, జవాబు ఇంకా రాలేదు.

వీసా అపాయింట్‌మెంట్ అయిపోయింది, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. నిన్న రాత్రి ఊరికే, అలవాటు కొద్దీ అక్కడి వెబ్‌సైట్ తెరిస్తే ఈ ఏడాది కోర్సుల జాబితా వచ్చేసింది. ఆత్రంగా చూశాను. నా ఆరింటిలో అయిదు ఉన్నాయి. ఆరోది, ఆ సార్ కళ్లద్దాలు పైకి తోసి సంతకం పెట్టిన చిన్న కోర్సు, ఈసారి సమ్మర్ సెమిస్టర్‌కి మార్చేశారు. కాసేపు గోడ చూస్తూ కూర్చున్నాను. తర్వాత లేచి పట్టిక ఫైలు తెరిచి, కొత్త పేరుతో సేవ్ చేసి, ఆ మూడో యూనిట్ ఇంకెక్కడైనా చెప్తారేమోనని వెతకడం మొదలుపెట్టాను. ఇది తొమ్మిదో వెర్షన్. పొద్దున్నే సార్ దగ్గరికి వెళ్లాలి.